రేపల్లె రైల్లో ముందస్తు స్తోత్రం

తెనాలిలో అమ్మకు ఆపరేషన్ జరుగుతోంది. నేను, మా అమ్మాయి, మా చర్చి సంఘంలోని పెద్దావిడ రేపల్లె నుంచి రైల్లో బయలుదేరాం.

"ఈ రైలు స్పీడులో సూర్యుడి దగ్గరికి నాలుగొందల ఏళ్లు పైనే నాన్నా. వెలుగుకైతే ఎనిమిది నిమిషాలే. దగ్గరి నక్షత్రానికి వెలుగుకే నాలుగేళ్లు! పరలోకం ఇంకా పైనేగా, మన ప్రార్థన టైముకి చేరుద్దా?" అంది అమ్మాయి దిగులుగా.

దేవుణ్ణి అడిగింది దొరక్కముందే స్తోత్రం చెల్లించడం మా సంఘం అలవాటు. పెద్దావిడ కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

"అప్పుడే థాంక్సేంటి మామ్మా?"

"దూరమని నువ్వేగా అన్నావు! అందుకే ముందే పంపిస్తున్నానే."

అమ్మాయి నవ్వి తనూ చేతులు జోడించింది.

తెనాలిలో దిగగానే ఆస్పత్రి నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. అమ్మ కళ్లు తెరిచిందట. నేను ప్లాట్‌ఫాం మీదే మోకరించాను.

"చెప్పేశాంగా నాన్నా!" అంది అమ్మాయి.

అయినా మళ్లీ చెప్పాను. ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.