కరస్పాండెంటు గారికి నేను చెప్పిన కణితి పాఠం

ఉద్యోగం ఇవ్వబోయే మనిషిని ఇంటర్వ్యూలోనే వెల్లకిలా పడేసిన ఘనత మన గోదావరి జిల్లాల్లో నాకొక్కదానికే ఉంది. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను.

అది రెండువేల మూడు. ఎమ్మెస్సీ అయి రెండేళ్లు దాటినా ట్యూషన్లతోనే నెట్టుకొస్తున్న నన్ను, రాజమండ్రిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ వాళ్లు డెమో క్లాసుకి పిలిచారు. ముందు వరుసలో ఇద్దరు పెద్దలు. కరస్పాండెంటు వీర్రాజు గారు వ్యవసాయం చేసి కాలేజీ పెట్టిన మనిషి, నిండు ధాన్యం బస్తాలా ఉన్నారు. ప్రిన్సిపాల్ సుబ్బారాయుడు గారు గొడుగు కర్రలా ఉన్నారు. వెనక నలుగురు అభ్యర్థులు, నేనెప్పుడు తడబడతానా అని కాచుకుని కూర్చున్నారు.

"నాకు అర్థమైతే పిల్లలకి అర్థమైనట్టేనమ్మా. చెప్పండి" అన్నారు వీర్రాజు గారు.

చెప్పాను. కణాలు అదుపు తప్పి పెరిగితే కణితి అవుతుందనీ, ఆ పెరుగుదలని ఆపే ప్రోటీన్లు ఉంటాయనీ, వాటిలో ఒక జంట ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటేనే నిలుస్తుందనీ, విడిపోతే కణం వాటిని చెత్తకింద లెక్కేసి ముక్కలు చేసేస్తుందనీ. ఆయన ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

"పట్టుకోవడమంటే ఎలాగమ్మా?"

అక్కడ బోర్డు మీద బొమ్మ గీసి ఊరుకోవలసింది. "మీరిద్దరూ ఒక్కసారి ఇలా వస్తే చూపిస్తానండి" అన్నాను.

వచ్చారు. వీపుకి వీపు ఆనించి, కాళ్లు ముందుకు జరిపి, ఒకరి మీద ఒకరు బరువు వేయమన్నాను. నిలబడ్డారు. కానీ సుబ్బారాయుడు గారి చెప్పులు నున్నటి గచ్చు మీద కొద్దికొద్దిగా జారుతున్నాయి. చూశాను. చూసి కూడా ఆపలేదు. అసలు పాయింటు ఇంకా చెప్పలేదు మరి.

"ఇప్పుడు చూడండి. వీళ్లలో ఒకరు తప్పుకుంటే..."

"తప్పుకోమంటారాండి?" అంటూనే ప్రిన్సిపాల్ గారు తప్పుకున్నారు.

ఆ చప్పుడుకి పక్క గదిలో పాఠం ఆగిపోయింది. వీర్రాజు గారు కళ్లు మూసుకుని వెల్లకిలా ఉన్నారు. కదల్లేదు. నాకు పోలీసు స్టేషను కనిపించింది, జిల్లా పేజీలో నా ఫోటో కనిపించింది, అదీ బాగా పడని ఫోటో. మోకాళ్ల మీద కూలబడి, "వినబడుతోందాండి?" అన్నాను.

ఆయన కళ్లు తెరవకుండానే, "ఒకటి పోతే రెండోది కూడా పడిపోద్దన్నమాట" అన్నారు.

"అవునండి."

"ఇంక పెరుగుదలకి అడ్డం ఉండదు."

"ఉండదండి" అన్నాను ఏడుపు ఆపుకుంటూ. అంత చురుకైన విద్యార్థి నాకు ఈరోజు వరకూ దొరకలేదు.

అభ్యర్థులు నలుగురూ కలిసి ఆయన్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన నడుం పట్టుకుని ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగారు.

"ఈ అమ్మాయి చెబితే చక్కగా అర్థమవుతుందండి. మనకొద్దు. అర్థం కాకుండా చెప్పేవాళ్లని చూడండి, నడుములన్నా దక్కుతాయి."

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, ఇకపై ఏ ప్రోటీన్ల జంటనైనా రెండు పెన్సిళ్లతోనే నిలబెడతాను. జీతం ఇచ్చే మనుషులని చచ్చినా వాడను.