పల్లెం ముందు ఎవరికిచ్చాను

వ్యాపారులు మాట్లాడుకోకుండానే కుమ్మక్కు కాగలరా అన్నది నా పీహెచ్‌డీ ప్రశ్న. పోటీ చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. యూనివర్సిటీ విద్యార్థులతో ఉత్తుత్తి వేలాలు పెట్టి, కాలేరని తేల్చాను. మా గైడు పెదవి విరిచారు. "పిల్లలు పాడితే ఏముందమ్మా, అసలు వ్యాపారులు పాడాలి. లేకపోతే సంతకం పెట్టను" అన్నారు. అప్పటికి ఐదేళ్లయింది. ఫెలోషిప్ కూడా అయిపోయింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్సుల్లో నెల రోజులు తిరిగి ఆరుగురు పల్లీల సేట్లను బతిమాలాను. ఒక ఆదివారం గద్వాలలో కాలేజీ గదికి వచ్చారు. మధ్యమధ్య అట్టలు అడ్డం పెట్టాను, మాట్లాడొద్దన్నాను, ధర చీటీ మీద రాసి డబ్బాలో వేయమన్నాను. నిజం పాటలా ఉండాలని ప్రతిసారీ పల్లెంలో పల్లికాయ పోసి చూపించాను. ఎవరికీ అన్యాయం జరగకూడదని పల్లెం పట్టుకుని అందరి ముందూ తిరుగుతూ ఒక్కోసారి ఒక్కొక్కరితో మొదలుపెట్టాను. ఆ జాగ్రత్తకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

చీటీలు విప్పి చూస్తే ప్రతి పాటలో ఒక్కరే కాస్త ఎక్కువ రాశారు, మిగతా ఐదుగురూ బాగా తక్కువ. గెలుపు కూడా వరసగా అందరికీ వచ్చింది. మాట లేదు, సైగ లేదు. థీసిస్ అయిపోయిందని మురిసిపోయి అందరికీ టీ తెప్పించాను.

ఎవరి వంతో ఎట్లా తెలిసిందని పెద్ద సేటును అడిగాను.

"గిండ్ల తెలిసేదేముంది మేడం? యార్డుల మొదలు ఎవరు కుప్పల చెయ్యి పెడితే మాల్ గాళ్లదే. మిగిలినోళ్లు మీద పాడరు. పల్లెం మీరే వరుస పెట్టి ఇస్తుంటే, మా పద్ధతి మీకు ఎరుకే అనుకున్నం."

అంటే, కుమ్మక్కు నడిపింది నేనే. పల్లెం లేకుండా మళ్లీ పాడదామన్నాను.

"మాల్ చూడకుండ ధర ఎట్ల రాస్తం?" అని లేచాడు. మిగతావాళ్లూ లేచారు.

పల్లెం సంగతి థీసిస్‌లో ఒక పేరా రాశాను. గైడు దాని మీద ఎర్రగీత పెట్టి, "ఇది తీసేస్తే సంతకం పెడతా" అన్నారు. నిజం చెప్పొద్దూ, తీసేద్దామనే అనుకున్నాను.

ఆ వారంలోనే సేట్లను ఇంకోసారి పాడమని అడగడానికి మార్కెట్ యార్డుకు వెళ్లాను. వీపనగండ్ల నుంచి పల్లికాయ అమ్మడానికి వచ్చిన ఒకామె తన కుప్ప పక్కన నిలబడి ఉంది. మొదటి సేటు చెయ్యి పెట్టాడు. ఆమె ధర అక్కడితో తేలిపోయింది. ఆమెకు తెలియదు, వెనక వస్తున్న ఐదుగురి ముఖాల్లోకి ఆశగా చూస్తూనే ఉంది.

పేరా తీయలేదు. పట్టా రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.