గోడకెక్కిన పన్నెండు మాటలు

భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్ల ఎదురుగా ఉమారాణి జిరాక్సు షాపు ఉంది. ఒరిజినలు మిషను మూత కింద మరిచిపోయి వెళ్లేవాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. రోడ్డు మీదికొచ్చి, నలుగురూ వినేలా తిట్టి, కాగితం చేతిలో పెట్టి మరీ పంపుతుంది. కాలనీకి ఆమెంటే భయమూ ఉంది, నమ్మకమూ ఉంది.

ఆమె దగ్గర కొంత బిట్‌కాయిన్ ఉంది. ఒకప్పుడు ఒక విదేశీ వెబ్‌సైటుకు తెలుగు తప్పులు దిద్దిపెడితే కూలి కింద ఇచ్చారు. ఇప్పుడు భర్త యుగేందర్ గని నుంచి రిటైరవుతున్నాడు, క్వార్టరు ఖాళీ చేయాలి. ఆ బిట్‌కాయిన్ అమ్ముకుంటే తప్ప సొంతిల్లు లేదు.

అమ్మిపెట్టే కంపెనీ ఒక మెలిక పెట్టింది. బిట్‌కాయిన్ ఉన్న చిరునామా, అంటే ఖాతా నంబరు లాంటిది, మీదేనని నిరూపించండి, మేమిచ్చే వాక్యాన్ని ఆ చిరునామాతో సంతకం చేసి పంపండి అంది. ఉమారాణికి తెలిసిన నిరూపణ ఒక్కటే: ఆధారం జిరాక్సు తీసి కింద సంతకం గీకడం. ఇక్కడ ఆధారమంటే ఆ చిరునామాకు తాళంచెవి లాంటి పన్నెండు ఇంగ్లిషు మాటలు. అవి ఎవరికి తెలిస్తే సొమ్ము వాళ్లది. వాటిని తెల్లకాగితం మీద ముత్యాల్లా రాసి, మిషను అద్దం మీద పెట్టి మూత వేసింది మహాతల్లి!

అప్పుడే కాలనీ నీళ్ల సంగతి చూసే చంద్రయ్య వచ్చాడు. "చెల్లె, నల్లా టైములు మారినయ్. గీ నోటీసు కాపీలు జల్ది తియ్యి."

నోటీసు అందుకుని బల్ల మీద పెట్టింది. ఇంటి ఆలోచనలో ఉండి మీట నొక్కింది. వచ్చిన కట్టను చంద్రయ్య చూసుకోకుండానే చుట్టి చంకలో పెట్టుకుని, బండెక్కి వెళ్లిపోయాడు.

కాసేపటికి బల్ల మీద నోటీసు కనబడింది. మూత ఎత్తితే అద్దం మీద ఉన్నది తన పన్నెండు మాటల కాగితం; చంద్రయ్య పట్టుకెళ్లినవి దాని కాపీలు. చంద్రయ్య ఫోను ఎత్తలేదు. వెతుక్కుంటూ పరుగెత్తితే అంతలో ఎవడైనా దోచేస్తాడు. వెంటనే ఫోనులోనే కొత్త చిరునామా, కొత్త మాటలు తయారుచేసి, ఉన్నదంతా అందులోకి మార్చేసింది. మారినట్టు తేలేదాకా ఫోను కింద పెట్టలేదు.

అప్పుడు గానీ కంపెనీ సూచనలు పూర్తిగా చదవలేదు. మాటలు ఎవరికీ ఇవ్వక్కర్లేదట. కొత్త చిరునామా చెప్పి, వాళ్లిచ్చిన వాక్యాన్ని యాప్‌లో పెట్టి సంతకం మీట నొక్కింది. పొడుగాటి అక్షరాల వరుస వచ్చింది. దాన్ని పంపితే, మీదేనని జవాబొచ్చింది. మాటలు మాత్రం ఫోను దాటలేదు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

అంతలో చంద్రయ్య కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "ఏంది చెల్లె గిది? పోరగాళ్లు చూడకుంట గోడలన్నిటికీ అంటిచ్చిండ్రు. నల్లా ఎప్పుడొస్తదని ఆడోళ్లు నా పానం తీస్తున్నరు!"

"తప్పు నాదే అన్నా," అంది ఉమారాణి. ఆమె నోట ఆ మాట విని చంద్రయ్య తిట్లు మరిచిపోయాడు. అసలు నోటీసు కాపీలు ఉత్తపుణ్యానికే తీసిచ్చింది.

సాయంత్రం యుగేందర్ గోడ దగ్గర నిలబడి ఆ మాటలన్నీ కూడబలుక్కుని చదివాడు.

"గివేనా మన ఇల్లు?"

"పొద్దుగాల దాకా గివే. ఇప్పుడు ఉత్త కాయితం."

"మరి కొత్తయి జర నాకన్న చెప్పు."

"నీకు గూడ చెప్ప," అంది ఉమారాణి. "నమ్మకుంటే చెప్పు, సంతకం పెట్టి సూపిస్త."