కన్నం పూడ్చిన తాళం

మా బావమరిది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి. పెళ్ళికి ముందు ఒక ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవాడు. కాపురానికి వచ్చినావిడ "ఇంట్లో ఉంటే నేనుండాలి, లేకపోతే ఆ డ్రమ్ములుండాలి" అనేసరికి, సెట్టంతా ఏలూరులో మా అటకెక్కింది. డ్రమ్ముల తోళ్ళు ఎలుకలు తినేశాయి. ఎలుకలకు కొరుకుడు పడనిది ఒక్కటే మిగిలింది: స్టాండుకు తగిలించి పుల్లతో కొట్టే, అన్నం కంచానికి రెండింతలుండే కంచు తాళం.

మొన్న అతను ఫోను చేశాడు. "బావగారూ, గణపవరంలో మా పాత గిటారాయన షష్టిపూర్తండి. మేమంతా మళ్ళీ కలిసి వాయిస్తున్నాం. డ్రమ్స్ అద్దెకి దొరికాయి గానీ, ఆ తాళం మోత ఇంకోదానికి రాదండి. నేను ఒప్పుకున్నదే దాన్ని నమ్ముకుని. దుమ్ము దులిపి ఉంచండి చాలు."

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తను చెప్పిన పనిలో నేను సగమే చేశానని మా ఆవిడ అభిప్రాయం. ఆ లోటు రిటైరయ్యాక తీరుస్తున్నాను. ఎవరేం చెప్పినా రెట్టింపు చేస్తున్నాను.

మొదటి రోజు చింతపండు గుజ్జు పట్టించాను. రెండో రోజు ఉప్పు, ఇటుకపొడి. మూడో రోజు పాత పంచెతో తుడుపు. ఏ పని ఎన్ని గంటలకు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో డైరీలో రాసుకున్నాను.

"ఏవండీ, పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్క గిన్నె తోమిన పాపాన పోలేదు మీరు. మా తమ్ముడి మూతకి మాత్రం మూడు రోజులు మంగళస్నానాలా?" అంది మా ఆవిడ.

మురికి వదిలాక అంచు దగ్గర వేలెడు బీట, దాని చివర శనగగింజంత కన్నం బయటపడ్డాయి. కన్నం కనబడ్డాక నాకు నిద్ర పట్టదు. వెంటనే గిన్నెలకు మాట్లు వేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాను.

"నడిమధ్యనా ఓ కన్నముందండి. అదీ పూడ్చేయమంటారా?" అన్నాడాయన.

అది స్టాండుకు తగిలించే కన్నమని నాకు తెలుసు. "అది ఉండాలోయ్! తెలియని వస్తువును ముట్టుకునే ముందు ఇలాగే అడగాలి" అని మెచ్చుకున్నాను. ఆయన అంచు కన్నాన్ని బాగా కాల్చి, గట్టిగా మాటు వేసి ఇచ్చాడు.

ఫంక్షను రోజు పొద్దున్నే బావమరిది వచ్చాడు. మెరుపు చూసి మురిసిపోయాడు. తాళాన్ని బొటనవేలికి తగిలించుకుని పుల్లతో కొట్టాడు. పప్పుగిన్నె మీద గరిటె పడ్డట్టు "టప్" మంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ "టప్". తిప్పి చూసి, మాటు మీద వేలు పెట్టి, నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు.

"ఈ కన్నం నేనే పెట్టించానండి, బావగారూ. బీట చివర కన్నం పెడితే లోపలికి పాకకుండా అక్కడే ఆగుతుందండి. కాల్చి మాటు వేస్తే కంచు మోత చచ్చిపోతుందండి. నన్ను స్కూటరు మీద వర్క్‌షాపుకి తీసుకెళ్ళింది మీరే కదండీ."

"నేనా? నేను వెళ్ళిన ప్రతి చోటూ డైరీలో ఉంటుంది. చూద్దాం పట్టు" అని బీరువా తెరిచాను.

ఉంది. నేను డైరీలు రాస్తానే గానీ చదవను. మా ఆవిడ లాక్కుని పైకే చదివింది: "బావమరిదిని వర్క్‌షాపుకు తీసుకెళ్ళాను. తాళానికి కన్నం పెట్టించాడు. దానివల్ల బీట ఆగుతుందట. తెలివైన పని. గుర్తుంచుకోవాలి."

డైరీ మూసి నా చేతికిచ్చింది. "గుర్తుంచుకున్నారు పాపం."

స్టాండు బోసిగా ఉంటుందని అతను తాళాన్ని గణపవరం పట్టుకెళ్ళాడు. మేమూ వెంట వెళ్ళాం. మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా దాన్ని ముట్టుకోలేదు. దాని మోత రావలసిన చోటల్లా అతని పుల్ల పైకి లేచేది, అక్కడిదాకా వెళ్ళి ఆగేది, పక్కనున్న అద్దె తాళం మీద పడేది.

భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న చేపల చెరువుల ఆసామి వేదిక వైపు చూసి, "ఆ తాళం చూశారాండీ, బంగారంలా మెరిసిపోతోంది! కొత్తదంటారా?" అన్నాడు.

"పాతదేనండి."

"అబ్బ! ఎవరు తోమారోనండీ!"

నేను పులిహోర ముద్ద నోట్లో పెట్టుకున్నాను.