గట్టు మీద బ్లూస్

ఇంటర్నెట్టు ఫోను తీగలోంచి గరగరమంటూ వచ్చే రోజుల్లో నాకు స్నేహితులకు కొదవ లేదు. ఒక్కడి మొహమూ చూడలేదనుకోండి. అమెరికా నల్లజాతి కూలీలు పత్తిచేలల్లో పాడుకున్న బ్లూస్ పాటలంటే చెవి కోసుకునేవాళ్ళం ఓ ముప్పైమందిమి గ్రూపు కట్టాం. పొద్దున్న నార్వేలో ఉండే రిటైర్డు మాష్టారి పిల్లి అన్నం తిన్నదా లేదా, మధ్యాహ్నం బాగ్దాద్‌లో ఎన్ని బాంబులు పడ్డాయి, సాయంత్రం ఎవరి పాటలో ఎంత దుఃఖం ఉంది. ఇదీ మా దినచర్య. బాగ్దాద్ గురించి అందరికంటే ఎక్కువ ఊగిపోయేవాణ్ణి నేనే, రాజమండ్రికి గంట దూరంలో మా ఊళ్ళో ఫ్యాను కింద కూర్చుని.

దుఃఖం విషయంలో మావాళ్ళకి మహా పట్టింపు. కడుపు నిండినవాడు పాడితే అది బ్లూస్ కాదట. ఈ ముక్క చెప్పేవాళ్ళలో కడుపు మాడినవాడు ఒక్కడూ లేడు. నాకు మాత్రం అక్కడో హోదా ఉండేది. వాళ్ళ పాటలు పుట్టింది మిసిసిపీ డెల్టాలో, నేనుండేది గోదావరి డెల్టాలో. అంతమాత్రానికే నన్ను నెత్తిన పెట్టుకున్నారు. నేనూ దిగలేదు.

ఆ ఏడు వానాకాలం సార్వా వరినాట్లప్పుడు నాకో బుద్ధి పుట్టింది. మా చేలో నాట్లేసే ఆడవాళ్ళ పాట రికార్డు చేసి పంపిస్తే గ్రూపంతా నోరెళ్ళబెట్టాలి. ముందు పాట అందుకునే మనిషికి యాభై దాటాయి, గొంతు మాత్రం కంచు. టేప్ రికార్డరు పట్టుకుని, గొడుగేసుకుని గట్టు మీదికి వెళ్ళేసరికి ఆవిడే ఎదురొచ్చింది.

“బాబుగారూ, మా అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయంటండి. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తొలి కాన్పండి. నేను వెళ్తానండి.”

“వెళ్దువుగానిలే. తొలి కాన్పంటే సాయంత్రం దాకా పడుతుంది. ఈ మడి అయ్యేదాకా పాడి వెళ్ళు.”

కాన్పుల సంగతి నాకెంత తెలుసో అడక్కండి. ఆవిడ ఒకసారి రోడ్డు వైపు చూసి, చీర ఎగ్గట్టి మళ్ళీ బురదలోకి దిగింది. మడి అయింది. రెండో మడీ అయింది. క్యాసెట్టు ఒక వైపు నిండింది. పాటలో మాటలేంటో నేను పట్టించుకోలేదు. రాగంలో ఏడుపుంది, నాకది చాలు.

దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పంపగానే గ్రూపులో పండగే పండగ. నార్వే మాష్టారు కళ్ళు తుడుచుకున్నానని రాశాడు, పిల్లి కూడా కదలకుండా విందట. ఇంకొకాయన ఆ గొంతులో వెయ్యేళ్ళ వేదన ఉందన్నాడు. వీళ్ళెవరికీ తెలుగు ముక్క రాదు. వేదన గురించి నేనూ రెండు పేజీలు దంచాను.

నాలుగో రోజున మస్కట్ నుంచి ఒకాయన రాశాడు. మా పెనుగొండ వైపు మనిషి, అంతవరకూ గ్రూపులో నోరెత్తినవాడు కాదు. పాట మాటలు విడదీసి, కింద ఇంగ్లీషులో అర్థం చెప్పి అందరికీ పంపాడు.

గట్టు మీది గొడుగు బాబో
బిడ్డకేమో నొప్పులంటా
పెట్టె పట్టి పాటలంటా
పురుడు పోసేదెవరు బాబో

గట్టు మీద నిలబడ్డవాడి మీద పాట కట్టి ఏకెయ్యడం మా వైపు నాట్లల్లో మామూలే. మా తాత మీద కట్టారు, మా నాన్న మీద కట్టారు. మస్కట్‌లో ఉన్నవాడికి గుర్తున్న సంగతి గట్టు మీదున్న నాకు గుర్తు లేకపోయింది. ఉత్తరం చివర ఆయన ఒక్కటే అడిగాడు: “ఆవిడ కూతురు ఎలా ఉందండీ?”

నాకు తెలీదు. బాగ్దాద్ ఆస్పత్రుల్లో మందుల్లేవని పేజీలు నింపినవాణ్ణి, మా కూలిమనిషి కూతురు బతికుందో లేదో అడగలేదు. తల్లీబిడ్డా క్షేమం అని కొట్టేశాను. సిగ్గులేని వేళ్ళు. గంట తిరక్కుండా దేశదేశాల నుంచి అభినందనలు వచ్చిపడ్డాయి. అప్పుడు స్కూటరు తీసి ఆవిడ ఇంటికి బయల్దేరాను, రాసిన అబద్ధం నిజమవ్వాలని దారి పొడుగునా దణ్ణాలు పెట్టుకుంటూ.

ఆవిడ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. లోపల పసిపిల్ల ఏడుపు వినబడింది. అమ్మయ్య అనుకున్నాను. అదీ నా పరువు కోసమే.

“ఆడపిల్లండి. నేను వెళ్ళేసరికే పుట్టేసింది,” అంది, తలెత్తకుండానే. “అమ్మా అమ్మా అని అరిచి అరిచి మా అమ్మాయికి గొంతు పోయిందండి. ఇంకా రాలేదు.”

ఆవిడ చేట పక్కనపెట్టి నా వైపు చూసింది.

“పాట బాగా పడిందాండి?”