మూట మోసిన మనిషి, ఆయమ్మ అడిగిన ప్రశ్న

ఆ రోజుల్లో, నలుగురికీ అర్థం కాకుండా రాస్తేనే అది రచన అని నా గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ల వయసు, తెలుగు ఎం.ఏ. పట్టా, హనుమకొండలో ఒక మిషన్ బడిలో కొత్త ఉద్యోగం. (బట్టల దుకాణం నడిపే మా నాయన, నేను మాట్లాడేది తెలుగేనా అని అమ్మను చాటుగా అడిగేవాడట.) ఒకనాడు మా పెద్ద టీచరమ్మ పాత ఇంగ్లీషు పుస్తకమొకటి చేతిలో పెట్టారు. వీపున పాపాల మూటతో ఒక మనిషి దేవుడి పట్నానికి నడిచిపోయే కథ. ఇప్పటి పిల్లలకు తెలిసేలా తిరిగి చెప్పమన్నారు. బాగుంటే బడి పత్రికలో నా పేరుతో వేస్తామన్నారు.

నేను 'దురితభారావనతుండై' అని మొదలుపెట్టాను. పెద్ద టీచరమ్మ ఒక పేజీ చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, ముందు మన ఆయమ్మకు వినిపించు, ఆమె సరేనంటే అచ్చుకిస్తానన్నారు. ఆయమ్మ పాలకుర్తి మనిషి, బడిలో గంట కొడుతుంది, చదువు రాదు. నాకు తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం వరండాలో ఆమె బియ్యం ఏరుతుంటే చదివాను. రెండు వాక్యాలకే ఆవలించింది. ఉడుక్కుని, కాగితాలు పక్కన పెట్టి నోటితో చెప్పాను. ఊరు తగలబడిపోతుందని తెలిసి ఆ మనిషి, భార్యాపిల్లలు పిలుస్తున్నా చెవులు మూసుకుని పరుగెత్తాడన్నాను. ఆమె చేయి ఆగింది.

"పెండ్లాం పిల్లలను ఇడిచిపెట్టి, మూట మాత్రం పట్టుకపోయిండా టీచరమ్మా?"

మూటంటే పాపమనీ, దించుదామన్నా దిగదనీ చెప్పాను. బియ్యంలో ఒక బెడ్డ ఏరి పారేసి, "మరి గామె ఏమైంది? గామె గురించి గూడ జర రాయరాదూ" అంది.

ఎం.ఏ.లో నన్నెవరూ అడగని ప్రశ్న. అంతా చింపేసి మామూలు తెలుగులో మళ్లీ రాశాను. మొదటి పేజీలోనే ఇల్లాలినీ పిల్లల్నీ అతని వెంట బయల్దేరదీశాను. పవిత్రమైన కథను పాడుచేశానని ఉద్యోగం ఊడుతుందేమోనన్న గుబులుతోనే ఇచ్చాను. పెద్ద టీచరమ్మ చదివి నవ్వారు. అసలు పుస్తకంలోనూ ఆ ఇల్లాలు బయల్దేరుతుందనీ, కాకపోతే రెండో భాగంలో అనీ చెప్పి, "నువ్వు సగమే చదివినట్టున్నావమ్మా" అన్నారు. (నిజమే. రెండో భాగం ఉందనే నాకు తెలియదు.)

కథ అచ్చయింది. ఆయమ్మ, ఆ తల్లి పిల్లలతో దేవుడి పట్నం ముందున్న నది దాటే చోటు నాచేత మూడుసార్లు చదివించుకుని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమె భర్త బొంబాయి దగ్గరి భీవండి బట్టల మిల్లులకని పోయి మళ్లీ రాలేదని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. ఆ రోజు మాత్రం, అదంతా నా శైలి మహిమే అనుకుని ఇంటిదాకా తల ఎత్తుకుని నడిచాను. అప్పటి నన్ను, ఆ ఇరవై రెండేళ్ల పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కోప్పడదామంటే మనసు రాదు.