జాగా దొరక్క ఆగిపోయిన పాట

మొన్న జూబ్లీహిల్స్‌లో అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు, మేనకోడలు ల్యాప్‌టాప్‌లో ఒకే ఒక్క పదం మార్చి, పొద్దుట్నించీ ఇదే పని మామయ్యా అంటే, అంత చిన్న మార్పుకు అంతసేపెందుకో తెలుసుకోవాలనిపించి పక్కనే కుర్చీ వేసుకున్నాను. పత్రికలో సినిమా పేజీ బాధ్యత చూసి రిటైరైనా ప్రశ్నలడిగే అలవాటు పోలేదు. మేనకోడలు కర్నెల్ మీద పనిచేస్తుందట, అంటే కంప్యూటర్లో అన్నిటికంటే అడుగున ఉండి ప్రోగ్రాములన్నిటికీ మెమరీలో చోటు పంచిపెట్టే సాఫ్ట్‌వేర్ మీద. చోటు కోసం కంప్యూటర్ ఎలా బిగుసుకుపోతుందో తను చెబుతుంటే, అచ్చం ఇదే జబ్బుతో ఫిల్మ్‌నగర్‌లో ఒక మధ్యాహ్నం బిగుసుకుపోయిన యంత్రం గుర్తొచ్చింది.

ఎడిటింగ్ గదుల్లోకి కంప్యూటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. ఏళ్ల తరబడి అసిస్టెంటుగానే ఉండిపోయిన మా బావకు, అంటే ఈ పిల్ల తండ్రికి, ఒక దర్శకుడు ఒక పాట కట్ చేసి చూపించమని, నచ్చితే సినిమా అంతా నీదేనని చెప్పాడు. నేను గదిలో అడుగు పెట్టేసరికి బావ పాట పూర్తిచేసి సేవ్ నొక్కాడు, తెర మీద బొమ్మ కదలడం మానేసింది. దర్శకుడు రావడానికి రెండు గంటలుంది.

బావ ఫోన్ చేస్తే, యూసుఫ్‌గూడ నుంచి స్కూటర్ మీద వచ్చిన ఇంజనీరు కాసేపు చూశాడు. "ఫైళ్లు రాసేటోడు తాళం ఏసుకొని లోపల కూసున్నడు సార్. రాయనీకి మెమరీల జర జాగా కావాలన్నడు. జాగా ఇచ్చేటోడేమో, పాత ఫైళ్లు డిస్కుల పడితేనే ఖాళీ అయితదన్నడు. అవి రాయాల్సింది గూడ లోపల కూసున్నోడే!"

అంటే మిషన్ లోపల రెండు ప్రోగ్రాములు, ఒకరి కోసం ఒకరు ఆగిన మనుషుల్లా, కదలడం లేదన్నమాట.

"మరి మనం ఎవరి కోసం ఆగాలండీ?" అన్నాడు బావ.

"డైరెక్టర్ సార్ కోసం," అన్నాడతను నవ్వకుండా.

స్విచ్ తీసేయక తప్పలేదు, కట్ చేసిన పాట పోయింది. బావ మొహం కడుక్కొచ్చి, గుర్తున్నంత మేరకు మళ్లీ మొదలుపెట్టాడు. గుర్తుకు రాని షాట్ల కోసం వెతుక్కోకుండా వదిలేశాడు. దర్శకుడు రెండుసార్లు చూసి సినిమా ఇచ్చేశాడు. మొదటి కట్ ఇంతకంటే బాగుండేదని బావ ఇప్పటికీ అంటాడు. దాన్ని ఆయన తప్ప ఎవరూ చూడలేదు.

మేనకోడలు మార్చిన పదం చేసేది ఇంతేనట: తాళం పట్టుకున్నవాడు చోటు అడిగితే, ఖాళీ చేయమని తిరిగి వాడి దగ్గరికే రాకుండా ఇంకెక్కడైనా వెతకమని చోటు ఇచ్చేవాడికి ముందే చెప్పడం. ఎక్కడా దొరక్కపోతే, ఇలాంటి అవసరానికే విడిగా దాచిన కాస్త చోటు ఉంటుందట. ఆ పదం ఎక్కడ మార్చాలో కనిపెట్టడానికే పొద్దుట్నించీ పట్టిందట.

ఇప్పుడు ఎడిటర్లు ఒక్కో పాటకు పది రకాల కట్‌లు భద్రంగా దాచుకుని, పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నారు. చేతికి గుర్తున్నది మాత్రమే మిగిలే ఆ రెండు గంటలు ఇక ఎవరికీ రావు. ఆ రోజు బావ మరిచిపోయిన షాట్లు ఏవో, అవి మరిచిపోబట్టే సినిమా దొరికిందేమో అని ఆయన కూతుర్ని అడిగితే, తను ముందు సేవ్ నొక్కి, అది నాన్ననే అడగాలి మామయ్యా అంది.